ఇంటిల్లిపాది జ్ఞాపకశక్తి

మా అమ్మాయికి ఉన్నది ఏడీహెచ్‌డీ అని ఒక డాక్టరమ్మ చెప్పేదాకా మా ఇంట్లో దానికి చాలా పేర్లుండేవి. అత్తగారు దిష్టి అనేవారు. బావగారు సెల్‌ఫోన్ అనేవారు. నేను కడుపుతో ఉన్నప్పుడు తిన్న ఐస్‌క్రీమే కారణమని మా తోటికోడలు తేల్చేసింది. క్లాసు టీచరు ‘కేర్‌లెస్’ అని ఎర్ర ఇంకుతో రాసి, కోపం చాలక కింద గీత కూడా గీసేది. మా ఆయన మాత్రం ఏమీ అనకుండా చెప్పులేసుకుని దుకాణానికి వెళ్ళిపోయేవాడు. ఏ సమస్యకైనా ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే.

మాది మొఘల్‌పురాలో తాతల నాటి ఇల్లు, గాజుల వ్యాపారం. మా ఆయన లాడ్‌బజార్‌లో దుకాణం చూసుకుంటాడు. బావగారు ఇంట్లోనే ముందు గదిలో కూర్చుని బయటి ఊళ్ళకు పంపే సరుకు కట్టిస్తారు. నేను మూసీకి అవతల ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. అంటే ఇంట్లో అందరూ పనిచేస్తారు, నేను ఆఫీసుకు వెళ్తాను. ఈ తేడా కనిపెట్టింది మా అత్తగారు. అమ్మాయి ఏడో తరగతి.

దాన్ని కరివేపాకు తెమ్మని పంపితే గల్లీ చివర మేక ఈనిందన్న వార్త తెచ్చేది. మేడ మీద ఆరిన బట్టలు తెమ్మంటే తెగిన పతంగితో దిగేది. బట్టలేవే అంటే, "ఏ బట్టలమ్మా?" అని నిజాయితీగా అడిగేది. ఆ నిజాయితీతోనే మాకు చిక్కు. అబద్ధాలాడే పిల్లయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు కదా.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఒక పని చేస్తున్నంతసేపు దానికి కావలసిన ముక్కలను మనసులో పట్టి ఉంచుకునే శక్తి ఒకటుంటుందట, వర్కింగ్ మెమరీ అంటారట. మా అమ్మాయికి ఆ పట్టు తక్కువ. బోర్డు మీద చూసిన అంకె నోటుబుక్కు చేరేలోపు దారిలో ఎక్కడో దిగిపోతుంది. ఇది తెలివి తక్కువతనం కాదు, బద్ధకం కాదు, తల్లి పెంపకంలో లోపం కాదు అని చెప్పింది. ఆ చివరి ముక్క మా వెంట వచ్చిన అత్తగారి వైపు తిరిగి ఇంకోసారి చెప్పమని అడిగి మరీ చెప్పించుకున్నాను.

ఆవిడ రాసిచ్చిన కాగితం పట్టుకుని స్కూలు చుట్టూ తిరగగా తిరగగా, పరీక్షల్లో కొంత అదనపు సమయం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ముందు బెంచీలో కూర్చోబెడతామన్నారు, ఏ పనైనా ఒక్కో ముక్కగా చెబుతామన్నారు. తమ సొంత ఆస్తిలోంచి వాటా రాసిస్తున్నట్టు మొహం పెట్టి ఇచ్చారు, కానీ ఇచ్చారు. ఆ తర్వాతి పరీక్షలో అది లెక్కల పేపరు చివరిదాకా రాసింది. జన్మలో మొదటిసారి. "అమ్మా, ఆఖరు లెక్క ఎట్లుంటదో నేను గిదే ఫస్ట్ టైమ్ చూసిన," అంది ఇంటికొచ్చి. ఆ మాటకు నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఆ అదనపు సమయం తప్ప నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

కానీ మన దేశంలో ఒక్క మందు పనిచేస్తే అక్కడితో ఎవరూ ఆగరు. స్కూలువాళ్ళకు తెలిసిన ఒక ట్రైనింగ్ సెంటర్ ఉందట, అందులో పిల్లల వర్కింగ్ మెమరీని పెంచుతారట. ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి చెప్పింది. "మెదడు కూడా కండరంలాంటిదే. ఎక్సర్‌సైజ్ చేయించాలి అంతే," అన్నాడు అక్కడి ట్రైనరు. టై కట్టుకున్న కుర్రాడు, పొట్ట మాత్రం ఎక్సర్‌సైజ్ మొహం చూసినట్టు లేదు. ట్యాబ్‌లో ఒక ఆట ఉంటుంది. రంగురంగుల గడులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఏ వరసలో వెలిగాయో గుర్తుపెట్టుకుని అదే వరసలో వాటిని నొక్కాలి. సరిగ్గా నొక్కిన కొద్దీ వరస పొడుగవుతుంది. పై లెవెల్‌కు పోతే వెనక నుంచి ముందుకు నొక్కాలి. రోజూ ఇంట్లో ఒక గంట ఆడించాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, పిల్ల ఒక్కతే.

మా ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్న గది! స్నానాల గది తలుపు కూడా ఎవరో ఒకరు బాదుతూనే ఉంటారు.

డాక్టరమ్మను అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. "ఆ ఆట ఆడితే ఆ ఆటలో మెరుగవుతుంది, అందులో సందేహం లేదు. అది క్లాసులోకి, ఇంట్లోకి కూడా వస్తుందని మాత్రం నేను మాటివ్వలేను. ఆడించాలనుకుంటే ఆడించండి. కానీ స్కూల్లో ఇస్తున్న అదనపు సమయం మాత్రం వదులుకోకండి," అంది. మా ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. బయటికొచ్చి బావగారికి ఫోన్ చేసి, "మెరుగైతదంట అన్నా, సందేహం లేదంట," అన్నాడు. మిగతాదంతా ఆస్పత్రి మెట్ల మీదే వదిలేసి వచ్చాడు. ఇంట్లో మతిమరుపు పరీక్ష ఒక్క పిల్లకే ఎందుకు చేయించామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అలా ట్యాబ్ మా ఇంటికి వచ్చింది. అమ్మాయి స్కూలు నుంచి వచ్చి పాలు తాగి ఆటకు కూర్చునే వేళకు నేను ఇంకా ఆఫీసులోనే ఉంటాను. నేను ఇల్లు చేరేసరికి ఆట అయిపోయి ఉండేది, స్కోరు మాత్రం వినిపించేవారు. మొదటి వారం ఏదో నత్తనడక. తర్వాత ఉన్నట్టుండి అందుకుంది. లెవెల్ మీద లెవెల్. సెంటర్‌లో ట్రైనరు ఆ స్కోర్లు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడట. ఇంత తొందరగా ఎదిగిన పిల్లను వాళ్ళు చూడనే లేదట. మా బావగారు ఆ మాటను గల్లీ మొత్తానికీ పంచారు. పాలవాడికి కూడా మా అమ్మాయి లెవెల్ తెలుసు.

నాకు మాత్రం ఒక్కటి అంతుపట్టేది కాదు. ట్యాబ్‌లో మేధావి అయిన పిల్ల, ఇవతలికొచ్చి ఒక కాలికి మాత్రమే సాక్సు వేసుకుని స్కూలుకు బయల్దేరేది. టిఫిన్ డబ్బా బస్సులో, వాటర్ బాటిల్ క్లాసులో, స్వెట్టరు దేవుడికే తెలిసిన చోట. "జర ఓపిక పట్టు. దవా ఎక్కాలె గద," అనేవారు బావగారు. మందు ఎక్కుతున్న లక్షణాలు నాకైతే ఆయనలోనే కనిపించేవి.

వార్షిక పరీక్షలు దగ్గరపడ్డాయి. స్కూలు నుంచి పిలుపొచ్చింది. వెళ్తే ప్రిన్సిపాల్ మేడమ్ లేచి నిలబడి చెయ్యి కలిపింది. ఆవిడ లేచి నిలబడటం చూసి నేను భయపడ్డాను. సెంటర్ వాళ్ళిచ్చిన రిపోర్టు బల్ల మీద ఉంది. "కంగ్రాచ్యులేషన్స్! మీ పాప టాప్ లెవెల్‌కి వచ్చేసింది. ఇంక ఎక్స్‌ట్రా టైమ్ అవసరం లేదు. మిగతా పిల్లలకు అన్యాయం చేసినట్టవుతుంది కదా," అంది.

"ఇంట్లో ఇంకా అట్లనే మరిచిపోతుంది మేడమ్," అన్నాను.

"అంటే ఇప్పుడది ప్రాబ్లమ్ కాదు, యాటిట్యూడ్," అంది నవ్వుతూనే. వార్షిక పరీక్షల్లో తప్పితే మళ్ళీ ఏడో తరగతిలోనే కూర్చోబెట్టాల్సి వస్తుందని కూడా అదే నవ్వుతో చెప్పింది. చూశారా, జబ్బు ఉన్నంతకాలం నా బిడ్డ పాపం పిల్ల. బాగైపోయిందని కాగితం రాగానే పొగరుబోతు. ఆ వారమే జరిగిన మోడల్ పరీక్షలో అదనపు సమయం ఇవ్వలేదు. లెక్కల పేపరు వెనక పక్కంతా తెల్లగా ఉంది. నాకు చూపించకుండా బ్యాగులో అడుగున కుక్కింది. నేను చూసి కూడా అడగలేదు.

తర్వాత ఒకరోజు మా ఆఫీసులో సర్వర్ పోయింది. మామూలుగా అయితే పోయిన సర్వర్ ముందు సాయంత్రందాకా కూర్చుని జీతం తీసుకుంటాం, కానీ ఆ రోజు పై అధికారి ఊళ్ళో లేడు. తొందరగా ఇంటికి వచ్చాను. గల్లీ మలుపులో ఉండగానే మా ఇంట్లోంచి కేకలు వినిపిస్తున్నాయి. "లాల్! ఫిరోజీ!" అని అత్తగారి గొంతు. "నీలా! పీలా!" అని బావగారు. ఏదో పెద్ద ఆర్డర్ వచ్చింది, సరుకు తీస్తున్నారు అనుకున్నాను.

గాజుల వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది, చూడనివాళ్ళకు చెప్పాలి. గల్లా దగ్గర కూర్చున్నవాడు ఉర్దూలో రంగులు పిలుస్తాడు. నిచ్చెన మీద ఉన్నవాడు అదే మాట తిరిగి పిలుస్తూ డబ్బాలు అందిస్తాడు. కింద కట్టేవాడు మళ్ళీ అదే పిలుస్తూ కడతాడు. ఎవడి బుర్రలోనూ పూర్తి ఆర్డర్ ఉండదు. ఒకడు మరిచిపోతే ఇంకొకడి నోట్లో ఉంటుంది. మా మామగారి కాలం నుంచీ దుకాణం ఇలాగే నడుస్తోంది, బాగానే నడుస్తోంది.

లోపలికి వెళ్తే ఆర్డరూ లేదు, ఏమీ లేదు. గది మధ్య ఒక అట్టపెట్టె, దాని మీద ట్యాబ్, ముందు నా కూతురు. గోడవార చెక్క తఖ్తు మీద అత్తగారు. గోడకు చేరగిలబడి బావగారు. వంటింటి గడపలో వెల్లుల్లి ఒలుస్తూ మా తోటికోడలు. గడులు వెలుగుతున్నాయి. మొదటి రెండు రంగులు అత్తగారివి, తర్వాత రెండు బావగారివి, చివరివి తోటికోడలివి. ఎవరి వాటా రంగులు వాళ్ళు పట్టుకుని ఉన్నారు. వెలగడం ఆగగానే నా కూతురు నానమ్మ వైపు చూస్తుంది, ఆవిడ పిలుస్తుంది, ఇది నొక్కుతుంది. పెద్దనాన్న వైపు చూస్తుంది, నొక్కుతుంది. వెనక నుంచి ముందుకు అయితే వెల్లుల్లి దగ్గర మొదలుపెట్టి తఖ్తు దాకా వస్తారు. ఒక్క తప్పు లేదు. ట్యాబ్‌లో బాజాలు మోగాయి.

"షాబాష్ బిడ్డా!" అన్నారు అత్తగారు, తనకు తానే చెప్పుకున్నట్టు.

నేను చెప్పులు కూడా విప్పలేదు. "గిదేంది అత్తమ్మా? పిల్ల ఒక్కతే ఆడాలె కదా?" అన్నాను.

"ఏందే, గన్ని రంగులు పిల్ల ఒక్కతే ఎట్ల యాది పెట్టుకుంటది? ఇంట్ల మేం మనుషులం లేమా?" అన్నారు.

"దుకాణంల గిట్లనే కదా చేస్తం," అన్నారు బావగారు. "మొదటి వారం పాపం ఒక్కతే కూసొని ఏడ్చింది. గందుకే మేం జర చెయ్యి వేసినం. గంతే."

జర చెయ్యి వేశారట! ఆ రిపోర్టు మీద నా కూతురి పేరు కాదు, మా దుకాణం పేరు వేసి కింద ‘అండ్ సన్స్’ అని రాయాల్సింది. అరవై దాటిన మా అత్తగారికి ఏడీహెచ్‌డీ లేదని మాత్రం ఆ సెంటర్ నిస్సందేహంగా నిరూపించింది. నేను అరిచాను. వాళ్ళ సాయం వల్ల పిల్లకు ఏం పోయిందో, అదనపు సమయం ఎందుకు తీసేశారో, మళ్ళీ ఏడో తరగతిలో ఎందుకు కూర్చోబెట్టబోతున్నారో అంతా అరిచి చెప్పాను. తోటికోడలి చేతిలో వెల్లుల్లి అలాగే ఆగిపోయింది. బావగారు మొహం దించుకుని ఖాళీ డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉండిపోయారు. వాళ్ళు మోసం చెయ్యాలని చెయ్యలేదు. పిల్ల ఒంటరిగా మొయ్యలేని బరువు చూస్తే నలుగురు పట్టుకోవడం తప్ప ఆ ఇంట్లో ఎవరికీ ఇంకోటి తెలియదు. అది తెలిసే నాకు కోపం మరింత పెరిగింది.

అమ్మాయిని మేడ మీదికి తీసుకెళ్ళి అడిగాను. "నీకు తెలుసు కదనే, ఒక్కదానివే ఆడాలని. నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే," అంది. తీగ మీది చున్నీ లాగుతూ, "గా గంటల నన్ను ఎవ్వరు తిట్టరమ్మా. అందరు నాతోనే కూసుంటరు," అంది.

నేను ఏ మొహం పెట్టుకుని తిట్టను? ఆరిన బట్టలు తీసుకుని ఇద్దరం దిగాం.

మర్నాడు సెలవు పెట్టి స్కూలుకు బయల్దేరాను. తప్పు తమది కాబట్టి తానూ వస్తానని అత్తగారు పట్టుచీర కట్టుకుని తయారయ్యారు. ఒప్పుకోవడానికి వెళ్తున్నారో పెళ్ళికి వెళ్తున్నారో తెలియలేదు. ప్రిన్సిపాల్ మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, తల ఊపి, "కన్సెషన్ కోసం పేరెంట్స్ చాలా కథలు చెప్తారమ్మా, ఇదైతే కొత్తగా ఉంది," అంది.

"కథ కాదు మేడమ్, ఆడింది మేమే! పిల్లకేం రాదు!" అన్నారు అత్తగారు. మనవరాలికి అంతకన్నా గొప్ప సర్టిఫికెట్ ఎవరివ్వగలరు?

చివరికి ఆ రోజు స్కూలుకే వచ్చి ఉన్న ట్రైనర్‌ను పిలిపించారు. తన ఎదురుగానే పిల్లతో ఆడించమంది ప్రిన్సిపాల్. క్లాసులోంచి అమ్మాయి వచ్చింది. మమ్మల్నందరినీ, బల్ల మీది ట్యాబ్‌ను చూసింది. దాని మొహం వెలిగిపోయింది. చేతులు స్కర్టుకు తుడుచుకుని, ఏసీ గదిలో, ప్రిన్సిపాల్ కుర్చీకి, దాని వెనకున్న అద్దాల బీరువాకు ఎదురుగా దర్జాగా కూర్చుంది. మాటలు వినిపించకూడదని మమ్మల్ని వెనక గోడ దగ్గర కూర్చోబెట్టారు.

చిన్న వరసలు టకటకా నొక్కేసింది. ప్రిన్సిపాల్ నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. ఇంకొంచెం పొడుగు వరస కూడా సరిగ్గానే నొక్కింది. వద్దే తల్లీ, తప్పు నొక్కు, ఒక్కటి తప్పు నొక్కు అని ఎల్లమ్మ తల్లికి మొక్కుకున్నాను. బోనం ఎత్తుతానన్నాను. బిడ్డ ఓడిపోవాలని మొక్కుకునే తల్లిని ఆ అమ్మవారు మాత్రం ఎప్పుడు చూసి ఉంటుంది? నా పక్కన అత్తగారి పెదవులు కదులుతున్నాయి. లాల్, హరా, జామునీ. నోరు తెరవబోతుంటే ఆవిడ చెయ్యి గట్టిగా నొక్కి పట్టుకున్నాను.

వరస ఇంకాస్త పెరిగింది. గడులు వెలిగి ఆరిపోయాయి. అమ్మాయి వేలు గాలిలో ఆగింది. ఒక్కసారి వెనక్కి తిరిగి మా వైపు చూసింది. నేను అత్తగారి చెయ్యి వదల్లేదు. మళ్ళీ తిరిగి నొక్కింది. బుర్రుమని తప్పు మోత వచ్చింది. ఇంకో అవకాశం ఇచ్చారు. మళ్ళీ అక్కడే తప్పింది. మూడోసారి ఇంకా ముందే తప్పింది. ట్రైనరు టై సర్దుకుని, మొదటి రోజుకన్నా ఒక మెట్టు పైనే ఉంది మేడమ్ అని గొణిగాడు. ప్రిన్సిపాల్ రిపోర్టును సొరుగులో పడేసి, అదనపు సమయం ఇస్తామంది. ఈసారి నవ్వలేదు.

అమ్మాయికి ఆ పూట సెలవడిగి, ముగ్గురం ఆటోలో తిరిగొస్తున్నాం. నాకు గాలిలో తేలినట్టుంది. సాధించాను కదా. అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. అమ్మాయి మా ఇద్దరి మధ్య కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది. చార్మినార్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోయింది. అది నా వైపు తిరక్కుండానే అంది:

"నేను తప్పు నొక్కంగనే నువ్వు నవ్వినవ్."

"నేనెందుకు నవ్వుత?" అన్నాను.

"నవ్వినవ్. బీరువా అద్దంల కనబడ్డది. నానమ్మ ఏడ్చింది, నువ్వు నవ్వినవ్."

అదనపు సమయం గురించి చెప్పడం మొదలుపెట్టాను. లెక్కల పేపరు చివరిదాకా రాయొచ్చని, మళ్ళీ ఏడో తరగతిలో కూర్చోనక్కర్లేదని, అదంతా తన కోసమేనని చెప్పాను. అది మధ్యలో ఆపలేదు, పూర్తిగా విన్నది.

"నాకోసమే అని నాకు ఎర్కనే," అంది. "కని నేను గెలుద్దామని ఆడిన అమ్మా."